పుట్టగొడుగుల గడ్డి, చూడి మేకలు: గొడవ అసలు ఎక్కడ మొదలైంది?

యాసంగి కోతలు అవుతుండగానే వరంగల్ పల్లెల్లో అదే ప్రశ్న మళ్ళీ లేచింది. పుట్టగొడుగులు కోసేసిన వరిగడ్డిని చూడి మేకలకు వేయొచ్చా? పుట్టగొడుగులు పెంచేవాళ్ళు ఊరికే తీసుకెళ్ళమంటున్నారు. మేకలవాళ్ళు జంకుతున్నారు.

హార్వెస్టర్లు రావడం, గడ్డి పొలంలోనే తగలబడటం అందరూ చూసిందే. గడ్డిని మంచి మేతగా మార్చే కథలో అసలు మలుపు 1980లలో హర్యానాలోని కర్నాల్‌లో ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు గడ్డికి ముందు యూరియా పట్టించి, ఆపై కోప్రినస్ అనే శిలీంధ్రాన్ని ఎక్కించారు. యూరియాలోంచి వచ్చే అమ్మోనియాను అది మాంసకృత్తులుగా మార్చుకుంటుందని లెక్క. లెక్క తప్పలేదు. కానీ శిలీంధ్రమూ బతకాలి కదా, పశువుకు అరిగే భాగాన్నే అది తినేసింది. గడ్డి బరువు తగ్గింది. చివరికి 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా కలిపి మూడు వారాలు మాగబెట్టే పద్ధతే రైతుల దాకా వచ్చింది, శిలీంధ్రం ఎక్కించే రెండో మెట్టు రాలేదు.

ఆ ఖాళీలోకి పుట్టగొడుగులు పెంచడానికి గడ్డి నింపే సంచి వచ్చింది. ముత్యపు చిప్ప పుట్టగొడుగు గడ్డిలో పశువుకు అరగని లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని విడగొడుతుంది, నిజమే. అయితే ఆ గడ్డిని శుద్ధి చేసింది పుట్టగొడుగు కోసం, మేత కోసం కాదు. వేడినీళ్ళకు బదులు చాలామంది కార్బెండజిమ్ అనే బూజు మందు, క్రిములను చంపే ఫార్మాలిన్ కలిపిన నీళ్ళలో నానబెడతారు. కార్బెండజిమ్ కడుపులోని పిల్లలకు హాని చేస్తుందని ఎలుకల మీద పరీక్షల్లో తేలింది.

వాడేది చాలా తక్కువ మోతాదేననీ, మేకలు ఈసుకుపోవడానికి, అంటే గర్భం పోవడానికి, బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం లాంటి వేరే కారణాలూ ఉంటాయనీ పుట్టగొడుగులు పెంచేవాళ్ళు అంటారు. అదీ నిజమే.

మేకలవాళ్ళ భయం మాత్రం సంచి విప్పితే కనబడుతుంది. పైన తెల్లటి దారాలు, మంచి పుట్టగొడుగు వాసన. కిందికి చెయ్యి పెడితే తడి, అరచేతికి అంటుకునే ఆకుపచ్చ పొడి. ఆ తెలుపు పెంచిన శిలీంధ్రం, ఈ పచ్చది పట్టిన బూజు. రెండూ ఒకే సంచిలో వస్తున్నాయి. మేక 5 నెలలు మోస్తుంది. నాలుగో నెలలో ఈసుకుపోతే పిల్లలు పోతాయి, ఆ ఈత పాలు పోతాయి, ఇంటి ఖర్చుకు అమ్ముకునే పోతు కూడా పోతుంది. ఆ నష్టం గడ్డి ఇచ్చినవాళ్ళది కాదు.

గడ్డిని వేడినీళ్ళలో ఉడికించారా, మందులో నానబెట్టారా, ఆ ఒక్క ముక్క సంచి మీద రాసి ఇమ్మని మేకలవాళ్ళు అడుగుతున్నారు. ఇంకా ఎవరూ రాసివ్వలేదు.