పాము వరుసలు, తాబేలు బండలు: న్యూ ఇంగ్లండ్ అడవుల్లో తెగని వివాదం

అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూ ఇంగ్లండ్ అడవుల్లో రాళ్ల కుప్పలు, మట్టి కప్పిన రాతి గదులు, మెలికలు తిరుగుతూ పోయి పెద్ద బండ దగ్గర పాము తలలా ఆగిపోయే రాతి వరుసలు, తలా కాళ్లూ అమర్చినట్టున్న తాబేలు ఆకారాలు అడుగడుగునా ఎదురవుతాయి. వీటిని ఎవరు పేర్చారన్న ప్రశ్నకు దశాబ్దాలుగా మూడు జవాబులు పోటీపడుతున్నాయి.

మొదటి జవాబు రైతులు. ఇప్పుడు దట్టంగా కనిపిస్తున్న ఈ అడవిలో చాలా భాగం ఒకప్పుడు పొలమూ పచ్చికబయలే. హిమానీనదాలు వదిలిపోయిన రాళ్లు చలికాలపు మంచుకు ఏటేటా పైకి తేలుతుంటే, రైతులు వాటిని ఏరి గోడలుగా, కుప్పలుగా వేశారు. 1825లో, పడమటి పంటలను తూర్పు రేవుకు చేర్చే ఎరీ కాలువ తెరుచుకుని పడమటి సారవంతమైన నేలలతో పోటీ పెరిగాక ఈ పొలాలు క్రమంగా బీడుపడ్డాయి, చెట్లు తిరిగి మొలిచాయి. గోడల్లో అత్యధిక భాగం రైతుల చేతిపనే అనడంలో సందేహం లేదు.

రెండో జవాబు సముద్రం దాటి వచ్చినవారిది. న్యూ హాంప్‌షైర్‌లోని సేలంలో ఉన్న రాతి కట్టడాలను 1937లో కొన్న విలియం గుడ్‌విన్, అవి ఐర్లండ్ సన్యాసులు కట్టినవని నమ్మాడు. హార్వర్డ్‌లో సముద్రజీవశాస్త్రం బోధించిన బారీ ఫెల్ 1976లో ఒక పుస్తకం రాసి, ప్రాచీన ఐరోపాకు చెందిన కెల్ట్‌లు, మధ్యధరా సముద్ర వర్తకులైన ఫినీషియన్లు క్రీస్తుకు పూర్వమే ఇక్కడికి వచ్చారని వాదించాడు. పురావస్తు శాస్త్రజ్ఞులు ఈ వాదాన్ని తోసిపుచ్చడం న్యాయమే. అయితే ఆ విసుగులో వారిలో చాలామంది ప్రతి కుప్పనూ రైతు ఖాతాలోనే వేసేశారు, మూలవాసుల మాటకు చోటే మిగల్లేదు. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా బాధించే ఘట్టం ఇదే.

ఎందుకంటే మూడో జవాబు ఆ మూలవాసులే, దానికి ఆధారం మొదటినుంచీ కళ్లెదుటే ఉంది. 1734లో మసాచుసెట్స్ పశ్చిమాన మతప్రచారకుడు జాన్ సార్జెంట్, మొహికన్ తెగవారు దారిన పోతూ తలా ఒక రాయి వేయగా పెరిగిన, పది బండ్లకు సరిపడే కుప్పను చూసి తన దినచర్యలో రాసుకున్నాడు. కారణం అడిగితే తమ తండ్రులు అలా చేసేవారని మాత్రమే వారు చెప్పారట. మసాచుసెట్స్‌లోనే అప్టన్ అనే ఊళ్లో ఉన్న రాతి గదిని, మట్టి రేణువులు చివరిసారి వెలుగు చూసిన కాలాన్ని కొలిచే పద్ధతిలో పరీక్షించినప్పుడు 1350కీ 1625కీ మధ్య కాలం తేలింది. ఆ గది వలస రైతులు రాకముందుదే అయ్యే అవకాశం బలంగా ఉందన్నమాట.

2007లో యునైటెడ్ సౌత్ అండ్ ఈస్టర్న్ ట్రైబ్స్ అనే తెగల సమాఖ్య, ఈ రాతి అమరికలు తమ పూర్వికుల ప్రార్థనా స్థలాలని తీర్మానించింది. మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లోని టర్నర్స్ ఫాల్స్ విమానాశ్రయం పక్కనున్న రాళ్ల విషయంలో, రాష్ట్ర చారిత్రక కమిషన్ అభిప్రాయాన్ని కాదని, ఆ చోటు జాతీయ చారిత్రక స్థలాల పట్టికకు అర్హమైనదని అమెరికా కేంద్ర ప్రభుత్వ అధికారి తేల్చారు.

ఆ గుర్తింపు అన్నిచోట్లా రక్షణ కాలేదు. 2017లో అదే రాష్ట్రంలో శాండిస్‌ఫీల్డ్ దగ్గర ఓటిస్ అడవిలో గ్యాస్ పైపులైన్ వేసినప్పుడు ఇరవైకి పైగా ఇలాంటి అమరికలు చెదిరిపోయాయి. నరగాన్సెట్ తెగ కోర్టుకెక్కింది. దావా నడిపే అర్హత తెగకు లేదంటూ అప్పీలు కోర్టు 2020లో దాన్ని కొట్టివేసింది.