బూతు తీసేస్తే నవ్వు పోతుందా? స్టాండప్ కామెడీపై అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో తెలుగు స్టాండప్ చేస్తుంటాను. వేదిక దిగగానే ఎవరో ఒకరు అడుగుతారు: "మీది ఇంటిల్లిపాదీ చూసే కామెడీయా, బూతు కామెడీయా?" ఆ ప్రశ్న చుట్టూ అల్లుకున్న అపోహలు కొన్ని చెబుతాను.

అపోహ: బూతు ఈ కాలపు తెగులు.

వాస్తవం: తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి రాగానే మొదలయ్యే మోటు సరసం విన్నవారెవరూ ఈ మాట అనరు. అంత దూరం ఎందుకు, మన గంగమ్మ జాతరలో వేషం కట్టినవారు బూతులు తిట్టడం మొక్కులో భాగమే. వేషం తీశాక అదే నోరు జారితే మాత్రం ఊరు ఊరుకోదు. పెద్దలు బూతుకు చోటు చూపించారు, వేళ చూపించారు, హద్దు గీశారు. నాకు ఆ హద్దు మీద గొప్ప గౌరవం.

అపోహ: బూతు లేకపోతే కుర్రకారు నవ్వరు.

వాస్తవం: నా జోకు ఒకటి ఉండేది. పదేళ్లుగా పలకరించని పెదనాన్న, మూడు వందల రూపాయల దర్శనం టికెట్టు దొరకక ఫోను చేస్తాడు. చివర ఒక తిట్టు. హాలు గొల్లుమనేది. ఆ తిట్టు తీసేసిన రోజు ఒక్కరూ నవ్వలేదు. మూడు ప్రదర్శనలు అలాగే గడిచాక అసలు లోపం తెలిసింది: నవ్వు పుట్టించాల్సిన టికెట్టు అన్న మాట చివర రాకుండా వాక్యం మధ్యలో ఇరుక్కుపోయింది. ఇప్పుడు ఇలా చెబుతున్నాను: "పదేళ్ల తర్వాత పెదనాన్న ఫోను చేసి, 'ఎలా ఉన్నావు నాయనా?' అన్నాడు. పక్కనే ఉన్న అమ్మ అడిగింది, 'ఎన్ని టికెట్లు కావాలట?'" కాలేజీ పిల్లలు మునుపటికంటే గట్టిగా నవ్వుతున్నారు. ఫోనులో ఒకవైపు మాటలే వినిపించి, అవతలి మాటలు ప్రేక్షకుల ఊహకు వదిలేసిన అమెరికా కమెడియన్ బాబ్ న్యూహార్ట్ 1960 నాటి రికార్డుకు సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. అందులో బూతు అవసరమే పడలేదు.

అపోహ: బూతు వాడేవారికి పనితనం ఉండదు.

వాస్తవం: టీవీలో పలకకూడని ఏడు మాటల మీద అమెరికా స్టాండప్ కమెడియన్ జార్జ్ కార్లిన్ 1972లో చేసిన అంశం వినండి. ఒక్కో మాటకు ఎందుకంత భయపడుతున్నామో విప్పి చూపిస్తాడు. అలాంటి మాటలతోనే అతను చేసిన మరో అంశం రేడియోలో వచ్చినందుకు నడిచిన కేసు 1978లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అతని చేతిలో బూతు పనిముట్టు.

అపోహ: బూతు లేకపోతే ఎవరికీ నొప్పి కలగదు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇదే. చిత్తూరులో ఒక కార్యక్రమంలో నాకంటే ముందు ఎక్కిన కళాకారుడు, ముందు వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లావు మీద ఐదు నిమిషాలు జోకులు వేశాడు. ఒక్క బూతు మాట లేదు. పెద్దలంతా చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి నవ్వుతూనే చున్నీని భుజాల చుట్టూ లాక్కుంది. నేను మైకు అందుకున్నాక కూడా ఆమె తల ఎత్తలేదు.