బోదకాలు ఒకటే, బాధ మాత్రం ఇంటికో రకం

బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగిళ్లలో బోదకాలు కొత్తేం కాదు, దేశమంతటికీ ఫైలేరియా కంట్రోల్ ప్రోగ్రాం 1955లో మొదలైంది గానీ అంతకుముందే 1949 నుంచి పైలట్‌గా ట్రై చేసింది ఈ ఒడిశాలోనే. దోమ ఒకటే, పురుగు ఒకటే, కానీ మగాళ్లలో చాలామందికి వరిబీజంగా దిగుతుంది, పంచె కింద దాచుకుని ఏళ్ల తరబడి తిరిగేస్తారు, పెళ్లాంతో కూడా చెప్పుకోలేక లోపల్లోపలే నలిగిపోతారు. ఆడపిల్లకి కాలు వాస్తే ఇంక దాచేదెక్కడ, పెళ్లిచూపుల్లో ముందు చూసేది నడకే కదా! పెళ్లి కాకపోతే రేపు అన్నావదినల ఇంట్లో ఒక మూల, ఆ మూలే ఆమెకి కాలునొప్పి కంటే ఎక్కువ.

కుష్టు సంగతి ఇంకా ఘోరం. 1955 హిందూ వివాహ చట్టంలోనే విడిపోడానికి అదొక కారణంగా రాసిపెట్టారు, ఎనభైల్లో మల్టీడ్రగ్ మందులొచ్చి జబ్బు నయమైపోతున్నా ఆ మాట తియ్యడానికి 2019 దాకా పట్టింది.

1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలు, 2016 చట్టంలో 21 అయ్యాయి, మంచిదే. 2011 జనగణనలో 2.68 కోట్ల మంది వికలాంగులు తేలారు, అందులో మగవాళ్లు సుమారు కోటిన్నర, ఆడవాళ్లు 1.18 కోట్లు. ఆడవాళ్లు నిజంగానే తక్కువా, లేక పెళ్లి కావాల్సిన పిల్ల అని ఇంట్లోవాళ్లు చెప్పలేదా? నాకైతే రెండోదే అనుమానం.

2021లో ఒడిశా ప్రభుత్వం వికలాంగుల్ని పెళ్లి చేసుకుంటే ఇచ్చే డబ్బు 50 వేల నుంచి రెండున్నర లక్షలకి పెంచింది. సాయమే, కాదనను, కానీ "డబ్బు చూసి చేసుకున్నాడు" అన్న మాట వీధిలో ఎవరో ఒకరు అంటారు, అది పడేది మాత్రం ఆ పిల్లే.

పెళ్లైన మగాడి కథ వేరు. గంజాం నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకి పోయి రెండు వేళ్లు పోగొట్టుకుని తిరిగొచ్చినోడికి పెళ్లాం, పిల్లలు అందరూ ఉంటారు, కానీ ఇల్లు నడిపేది ఇప్పుడు ఆమె, అన్నం పెడితే తలెత్తి చూడడు. 2008లో ఒడిశా ప్రభుత్వం పెట్టిన మధుబాబు పెన్షన్, అదే ముసలివాళ్లకీ వికలాంగులకీ నెలనెలా ఇచ్చే డబ్బు, 2025లో 80 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకి 3,500 చేశారు. రెండు వేళ్లకి అంత శాతం రాదు.