పంచాయతీ టీవీ నుంచి అరచేతి తెర దాకా

పద్దెనిమిదేళ్లు నిండని వారి వ్యక్తిగత వివరాలను ఏ యాప్ అయినా వాడుకోవాలంటే ముందుగా తల్లి గానీ తండ్రి గానీ అనుమతి ఇవ్వాలని, పిల్లల కదలికలను గమనిస్తూ వారికే గురిపెట్టిన ప్రకటనలు చూపకూడదని 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ముఖ్యమైన నిబంధనల అమలుకు ఏడాదిన్నర గడువు ఇచ్చారు. హన్మకొండలోనైనా, కరీంనగర్‌లోనైనా, ములుగు దాటిన తండాలోనైనా నలుగురు తల్లులు కలిస్తే పిల్లలు ఫోన్ వదలడం లేదన్న మాటే ముందుగా వస్తున్న కాలంలో ఈ చట్టం అవసరమైనదే. అయితే ఈ బెంగ ఫోన్‌తో మొదలైనది కాదు. తెర మన ఊళ్లలోకి ఎవరి డబ్బుతో వచ్చింది, పిల్లలు దాన్ని ఎవరి పక్కన కూర్చుని చూశారు అన్న రెండు విషయాలు వెనక్కి వెళ్లి చూస్తే తప్ప ఇప్పటి స్థితి అర్థం కాదు.

1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో, ఆకాశవాణి కలిసి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు పంపాయి. పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. ఊరికి ఒకటే టీవీ, అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టేవారు. ఖర్చు ప్రభుత్వానిది, ఉద్దేశం చదువు, చూసేది ఊరంతా. ఏం చూపాలో ఢిల్లీ పెద్దలే నిర్ణయించడం అందులోని లోపం. అయినా ఆ తెర ముందు పిల్లవాడు ఒంటరిగా కూర్చోలేదన్నది కాదనలేని సంగతి.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారం వచ్చింది, ఆ తర్వాతి రెండు మూడేళ్లలో దేశమంతటా చిన్న ప్రసార కేంద్రాలు వేగంగా వెలిశాయి. పట్టణాల్లో అప్పు చేసైనా టీవీ కొనడం అప్పుడే మొదలైంది.

రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న మొదలై 78 భాగాలుగా ఆదివారం ఆదివారం పొద్దున వచ్చేది. హన్మకొండలో మా వీధి మొత్తానికి రెండే టీవీలు. చెక్క తలుపులున్న ఆ నలుపు తెలుపు టీవీ ముందు చాప మీద మేము పిల్లలం, వెనక గడప దాకా ఆడవాళ్లు, డాబా మీద ఆంటెన్నా తిప్పే అన్న, కింది నుంచి "బొమ్మొచ్చింది, ఇగ ఆపు" అనే కేకలు. ప్రసారం హిందీలో. మాలో చాలామందికి ఆ హిందీ సగమే తెలిసేది. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్న ఒక తాత కుర్చీ వేసుకుని కూర్చుని ప్రతి మాటా తెలుగులో చెప్పేవారు. "కైక వరాలడుగుతున్నది సూడుండ్రి" అని ఒక్క క్షణం ఆగి, ఆమె అట్లా ఎందుకు అడిగిందో, దశరథుడు ఎందుకు కాదనలేకపోయాడో తనకు తోచింది కలిపేవారు. ఎవరో అడ్డు తగిలేవారు, ఆయన కసురుకునేవారు, ఈలోగా రెండు మాటలు దాటిపోయేవి. మేము చూసింది తెర మీది రామాయణమే అయినా, మా చెవికి చేరింది మాత్రం ఆ తాత నోటి నుంచి వడబోసుకుని వచ్చిన కథ. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ, అంటే డోలు చప్పుడుతో పాడి చెప్పే మల్లన్న కథ, వినేటప్పుడు కూడా అంతే. పక్కన ఉన్న పెద్దవాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ కళ్లు తుడుచుకున్నారో చూసి పిల్లలు కథ నేర్చుకునేవారు.

కేబుల్ వచ్చాక ఈ కూర్పు చెదిరింది. 1991లో స్టార్, 1992లో జీ, 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. కరెంటు స్తంభాల మీదుగా, దండేలకు ఆనుకుంటూ నల్ల వైర్లు ఇంటింటికీ పాకాయి. కేబుల్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం వచ్చింది 1995లో. అప్పటికి వైర్లు గుంజి మూడు నాలుగేళ్లు దాటింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కూడా ఆ ఏడాదే. కానీ ప్రజల ఆస్తి మీద నడిచే ప్రసారానికి డబ్బు ప్రకటనల నుంచి వస్తున్నప్పుడు, ఏ గంటలో ఏం చూపాలో నిర్ణయించేది రేటింగే అయింది. సాయంత్రం సీరియల్ అయిపోయే దాకా రాత్రి వంట ఆగింది, పిల్లల హోంవర్క్ ప్రకటనల విరామాల్లోకి సర్దుకుంది. టీవీ ఒక్కటే కాబట్టి ఇంట్లో గొడవలుండేవి. ఆ గొడవల్లోనైనా తల్లికీ బిడ్డకీ మధ్య తెర గురించి మాట నడిచింది.

తెలంగాణ ఉద్యమ కాలం గురించి ఉత్తర తెలంగాణ వాడిగా ఇక్కడ ఆగి చెప్పక తప్పదు. 2009 నవంబర్ 29న కేసీఆర్ నిరాహార దీక్షకు కదిలినప్పటి నుంచి డిసెంబర్ 9 రాత్రి కేంద్రం ప్రకటన దాకా కాకతీయ విశ్వవిద్యాలయం హాస్టళ్లలో టీవీలు ఆరలేదు. ఇరవై నాలుగు గంటల వార్తా ఛానెళ్లు ఊరూరినీ ఒక్క తాటి మీదికి తెచ్చాయి. 2011లో టీ న్యూస్, 2012లో వీ6 వచ్చాక సినిమాల్లో రౌడీలకూ హాస్యగాళ్లకూ పరిమితమైన మన యాస వార్తలు చదివే నోట వినిపించింది. మాట్లాడితే నవ్వుతారని ముడుచుకుపోయిన పిల్లలు తల ఎత్తడం నా కళ్లతో చూశాను. ఆ ఉద్యమ కాలంలో వార్తా ఛానెళ్లలోనే యువకుల ఆత్మాహుతి దృశ్యాలు మాత్రం రోజంతా తిరిగి తిరిగి వచ్చాయి. ఆత్మహత్యల వార్తలను ఎలా చెప్పాలో, ఏం చూపకూడదో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లోనే మీడియాకు సూచనలిచ్చింది. వాటిని పాటించి ఉంటే కొన్ని ఇళ్లలోనైనా దీపాలు ఆరకపోయేవేమో అన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

2016 సెప్టెంబర్‌లో జియో రావడంతో తెర చేతిలోకి దిగింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను కేంద్రం నిషేధించగా, కొద్ది వారాల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ ఆ ఖాళీలోకి వచ్చాయి. సరిగ్గా అదే సెప్టెంబర్ 1న, కరోనా వల్ల బడులు మూతపడిన రాష్ట్రంలో ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. అంటే ఎన్నడూ లేనంత మంది పిల్లల చేతికి చదువు పేరిట ఫోన్ ఇచ్చిన నెలలోనే, ఒక వీడియో ముగియకముందే మరొకటి అందించే యంత్రం కూడా ఆ ఫోన్‌లోకి చేరింది. ఎవరూ ఉద్దేశించి చేసినది కాదు, కానీ ఆ రెండూ కలిసి వచ్చిన ఫలితం ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లల్లో కనబడుతోంది: పది నిమిషాల పాఠం వాళ్లకు పొడుగనిపిస్తోంది.

ఫోన్ చేసిన మేలును తక్కువ చేయలేము. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి కుర్రాళ్లు 2012లో మొదలుపెట్టిన మై విలేజ్ షో, పొలం పనుల్లో బతికిన గంగవ్వను రెండు రాష్ట్రాలకు పరిచయం చేసింది. ఊళ్లలో కట్టిన జానపద పాటలు యూట్యూబ్‌లో నేరుగా జనానికి చేరుతున్నాయి. తెర ముందు కూర్చున్న వాళ్లే తెర మీదికి ఎక్కడం గతంలో లేని అవకాశం. అయితే అదే దారిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారమూ వచ్చింది. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించినా, ఆ యాప్‌లను పొగిడిన యూట్యూబర్ల మీద పోలీసు కేసులు గట్టిగా కదిలింది 2025లో. మధ్యలో ఎనిమిదేళ్లు గడిచాయి.

కొత్త చట్టం అనుమతి అడిగేది తల్లిదండ్రులను. పక్కన కూర్చుని తెర గురించి చెప్పగల పెద్దవారు ఇంట్లో ఉన్నారనే నమ్మకం మీద అది నిలబడింది. మా పక్కింట్లో మొన్న ఒక సాయంత్రం చూశాను. బీడీలు చుడుతున్న తల్లి ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. ఆమె ఆకు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఫోన్‌ను ఎనిమిదో తరగతి చదువుతున్న కొడుకు చేతికిచ్చింది, "ఏం అడుగుతున్నదో సూడు బిడ్డా" అని. వాడు చదివి, అంకెలు తనే కొట్టి, "ఏం లేదమ్మా" అన్నాడు.