కోడి కొవ్వుకీ కన్నీళ్లకీ ఏమిటి సంబంధం?

చిరంజీవి చిన్నీకి, చిన్నీతోపాటు ఇది చదివే మిగతా పిల్లలకి, తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమ్మమ్మ ఇండియా తిరిగి వెళ్లిపోయిన రోజు గురించి నువ్వు బడిలో రాసిన వ్యాసం పక్కన మీ టీచర్ పెన్సిలుతో 'కొంచెం ష్మాల్ట్జీగా ఉంది' అని రాశారన్నావు. నిఘంటువు తీస్తే ఆ మాటకి 'అరిగిపోయిన పద్ధతిలో అతిగా మనసు కరిగించబోవడం' అని ఒక అర్థం, 'కోడి కొవ్వు' అని ఇంకో అర్థం కనిపించాయన్నావు. ఏడుపుకీ కోడికీ ఏమిటి సంబంధం అని అడిగావు. ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇంకోటి రాశావు: 'నా బాధ అబద్ధం అనా తాతయ్యా, టీచర్ అన్నది?'

కాదమ్మా. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు పొయ్యి వెలిగించాలి.

ష్మాల్ట్జ్ అంటే కాచి తీసిన కొవ్వు. యిడ్డిష్ మాట. తూర్పు యూరప్ యూదులు ఇళ్లలో మాట్లాడుకున్న భాష యిడ్డిష్. దాని కుదురు జర్మన్, లిపి హీబ్రూ. జర్మన్‌లో కరగడాన్ని ష్మెల్ట్‌సెన్ అంటారు. నువ్వు ఇంగ్లీషులో ఐస్‌క్రీమ్ 'మెల్ట్' అయిందంటావే, అదీ ఆ కుటుంబపు మాటే. జర్మన్లకు ష్మాల్ట్జ్ అంటే ఎక్కువగా పంది కొవ్వు. యూదులకు పంది నిషిద్ధం. పైగా మాంసాన్నీ పాలనూ కలపకూడదు. మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడకబెట్టవద్దన్న మాట వాళ్ల పవిత్ర గ్రంథం తోరాలో మూడుచోట్ల వస్తుంది. కాబట్టి మాంసం వండే గిన్నెలో వెన్న కూడా వేయరాదు. మధ్యధరా సముద్రం పక్కన ఉన్న యూదులకు ఆలివ్ నూనె ఉంది. పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్ చలిలో ఆలివ్ చెట్టు బతకదు. అక్కడివాళ్లు పెద్దబాతును మేపి బలిపించి, చలికాలం మొదట్లో కోసి, దాని కొవ్వు కాచి జాడీల్లో దాచుకునేవారు. వసంతంలో వచ్చే పస్కా పండగదాకా ఆ జాడీని పొదుపుగా వాడుకునేవారు. అమెరికా వచ్చాక కోడి చవగ్గా దొరికింది. అప్పటినుంచి ష్మాల్ట్జ్ అంటే కోడి కొవ్వే అయింది.

మనింట్లో నెయ్యి ఎలాగో, వాళ్లింట్లో అది అలాగ. ఈ పోలికను ఉత్తరం చివరిదాకా వదలను.

నెయ్యి కాచడం ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశావా? ఊళ్లలో కవ్వంతో చిలికి తీసిన వెన్న నీళ్లలో ముద్దగా తేలుతూ ఉంటుంది. దాన్ని గిన్నెలోకి తీసి సన్నసెగ మీద పెడితే ముందు కరుగుతుంది, తర్వాత చిటపటలాడుతుంది. ఆ చప్పుడు వెన్నలో దాగిన నీటిది. నీరంతా పోగానే చప్పుడు తగ్గుతుంది, అడుగున గోధుమరంగు పొడి చేరుతుంది, వాసన వీధిలోకి వస్తుంది. దించేముందు కరివేపాకో తమలపాకో వేసే ఇళ్లున్నాయి, మునగాకు వేసే ఇళ్లూ ఉన్నాయి. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఆ పొడి మాడి నెయ్యంతా చేదెక్కుతుంది. అడుగున మిగిలిన పొడిలో కాస్త పంచదార కలిపి పిల్లలకు పెట్టడం ఆనవాయితీ.

ష్మాల్ట్జ్ కాచే పద్ధతి కూడా దాదాపు ఇంతే. అరకిలో కోడి చర్మం, దానికి అంటుకుని ఉండే పసుపుపచ్చ కొవ్వు కావాలి. అమెరికాలో కోషర్ మాంసం, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం ఉన్న మాంసం, అమ్మే కొట్టువాళ్లను అడిగితే ఇస్తారు. లేదా ఇంట్లో చికెన్ వండినప్పుడల్లా తీసేసిన చర్మాన్ని ఫ్రీజర్లో పోగుచెయ్యి. కడిగి, తడి పూర్తిగా అద్ది, వేలిగోరంత ముక్కలుగా కొయ్యాలి. మందపాటి గిన్నెలో చల్లగా ఉన్నప్పుడే ముక్కలు వేసి, మూడు నాలుగు చెంచాల నీళ్లు పోసి, బాగా సన్నసెగ పెట్టాలి. నీళ్లెందుకంటే, అవి ఉన్నంతసేపూ గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. ఆ లోపల కొవ్వు నిదానంగా కరిగి బయటికి వస్తుంది. కాలిన గిన్నెలో వేస్తే చర్మం పైన గట్టిపడి, కొవ్వు లోపలే చిక్కుకుంటుంది.

పావుగంట, ఇరవై నిమిషాలకు గిన్నె అడుగున తేటగా కొవ్వు నిలుస్తుంది. అప్పుడప్పుడు గరిటెతో కదుపుతూ ఉండాలి. ముక్కల అంచులు బంగారు రంగుకు తిరగడం మొదలయ్యాక ఒక ఉల్లిపాయను సన్నగా చీల్చి వేయాలి. మొదట్లోనే వేస్తే కొవ్వు దిగేలోపు ఉల్లిలోని తీపి మాడిపోతుంది. ఇంకో అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఉల్లి ముదురు గోధుమరంగుకు వస్తుండగానే, నల్లబడకముందే దించెయ్యాలి; దించాక కూడా ఆ వేడికి ఇంకొంత రంగు తిరుగుతుంది. బట్టలోంచి వడకట్టి పొడి గాజుసీసాలో పోసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. సీసాలో తడి ఉంటే వాసన వస్తుంది. అరకిలోకి అరకప్పునుంచి ముప్పావు కప్పుదాకా దిగుతుంది. చర్మం ఎక్కువా కొవ్వు తక్కువా అయితే ఇంకా తగ్గుతుంది. జల్లెడలో మిగిలిన ముక్కలను మళ్లీ కరకరలాడేదాకా వేయించి ఉప్పు చల్లితే వాటిని గ్రిబెనెస్ అంటారు. నెయ్యి అడుగున మిగిలిన పొడిలాగే అవీ పిల్లల వాటా. (అమ్మో నాన్నో పక్కన లేకుండా ఈ పని పెట్టుకోకు. మరిగే కొవ్వులో నీటిచుక్క పడితే చింది ముఖాన పడుతుంది.)

ఫ్రిజ్‌లో అది నెయ్యిలా గట్టిగా పేరుకోదు, మెత్తగానే ఉంటుంది. నెయ్యిలో సగానికిపైగా సంతృప్త కొవ్వు, కోడి కొవ్వులో దాదాపు మూడో వంతే. తేడా అందువల్లే.

ఇక దాన్ని దేనిలో ఎంత వేస్తారో చూడు. మాట్సో బాల్స్ అని, పులియని రొట్టెపొడితో చేసే ఉండలుంటాయి. ఒక కప్పు పొడికి నాలుగు గుడ్లు, పావు కప్పు ష్మాల్ట్జ్, పావు కప్పు కోడి రసం. కలిపి అరగంటకు తగ్గకుండా చల్లగా ఉంచి, ఉండలు చేసి, ఉప్పునీళ్లలో మూతపెట్టి అరగంట పైన ఉడికిస్తారు. కొవ్వు తగ్గిస్తే ఉండలు గట్టిపడతాయి. ఎక్కువైతే నీళ్లలో విడిపోతాయి, పైన జిడ్డు తేలుతుంది. పావు కప్పు కొవ్వుకు ఒక కప్పు పొడి: ఈ లెక్క గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ఈ మాట వంటింట్లోంచి బయటికి ఎలా వెళ్లింది? 1881 నుంచి 1924 దాకా సుమారు 20 లక్షలమంది తూర్పు యూరప్ యూదులు అమెరికా చేరారు. చాలామంది న్యూయార్క్‌లోనే స్థిరపడ్డారు. వాళ్ల పిల్లల్లో ఎందరో వాయిద్యాలు పట్టారు. 1930లలో అక్కడి జాజ్ బృందాలు రెండు రకాలు: హాట్, స్వీట్. హాట్ అంటే చురుకైన లయ, అప్పటికప్పుడు కల్పించి వాయించడం. స్వీట్ అంటే మెత్తగా, డాన్సుకు వీలుగా సాగే పాట. ఆ మెత్తటి వాయింపుకు వాద్యగాళ్లు పెట్టిన పేరే ష్మాల్ట్జ్. 1935 నాటికి అది ఇంగ్లీషు అచ్చులోకి వచ్చేసింది. పాటలనుంచి సినిమాలకు, సినిమాలనుంచి గ్రీటింగు కార్డులకు, అక్కడినుంచి నీ వ్యాసం అంచుకు పాకింది.

పాటలో ఆ జిడ్డు ఎక్కడుంటుందో వేలుపెట్టి చూపించవచ్చు. వయొలిన్ ఒక స్వరంనుంచి ఇంకో స్వరానికి వేలు ఎత్తకుండా జారుతూ వెళ్తుంది. శాక్సఫోన్ నిలిపిన స్వరాన్ని వెడల్పుగా వణికిస్తుంది. పంక్తి చివర లయను లాగి ఆపుతారు. ఆఖరి చరణంలో శ్రుతిని అరమెట్టు పైకి ఎత్తుతారు. వీటిలో ఏ ఒక్కటీ తప్పు కాదు. మన కర్ణాటక సంగీతంలో జారు ఒక గమకం, అది లేని ఆలాపనను ఊహించలేం. ప్రతి స్వరానికీ జారితేనే చిక్కు. నాలుక మీద కొవ్వు పూత పట్టేశాక ఉప్పు తగలదు, పులుపు తగలదు, చెవికీ అంతే.

స్వీట్ బృందాల్లో బాగా పేరున్నది గై లొంబార్డోది. కెనడాలోని ఒంటారియోలో, లండన్ అనే ఊళ్లో పుట్టినవాడు. 1929 నుంచి ఏటా డిసెంబరు 31 రాత్రి న్యూయార్క్‌నుంచి రేడియోలో అతని బృందం వాయిస్తుంటే అమెరికా కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టేది. హాట్ జాజ్ అభిమానులు ఆ సంగీతాన్ని చిన్నచూపు చూసేవారు. హాట్ జాజ్‌కే మొనగాడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు మాత్రం లొంబార్డో వాయింపంటే ఎంతో ఇష్టం, ఆ మాట బయటికే చెప్పేవాడు. అందుకని ఎవరైనా ఒక పాటను ష్మాల్ట్జ్ అని తోసేస్తే వెంటనే తల ఊపకు. కొవ్వును చూసి మొహం తిప్పుకునేవాడు మంచి వంటవాడు కాలేడు.

ఉత్తర అమెరికా ఇంగ్లీషులో, అతిగా మనసు కరిగించబోయేవాటిని వెక్కిరించే మాటల్లో దీనికి చుట్టాలున్నాయి. కార్నీలో మొక్కజొన్న ఉంది, మషీలో మెత్తని జావ, సాపీలో చెట్టు రసం, సిరపీలో పాకం, చీజీలో జున్ను. తీపి, జిడ్డు, మెత్తదనం తప్ప కారమూ పులుపూ నమలాల్సిన గట్టిదనమూ ఒక్కదానిలోనూ లేవు.

మన భాషలోనూ చూడు. జిడ్డు అంటే నూనె మరక. వదలకుండా పట్టుకుని విసిగించేవాణ్ణి కూడా జిడ్డు అనే అంటాం. అటు యిడ్డిష్ పిల్లలూ ఇటు మనమూ కూడబలుక్కోకుండానే అంటుకునే కొవ్వునుంచి అంటుకునే మాటకు ప్రయాణం కట్టాం. ఇంకోటి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నీ తరగతిలో పక్కన కూర్చునే పిల్లతో నీకున్నది స్నేహం కదా? సంస్కృతంలో స్నేహం అంటే నూనె, కొవ్వు కూడా. ఆయుర్వేదంలో స్నేహపానం అంటే వైద్యుడి లెక్క ప్రకారం నెయ్యి తాగించడం. స్నిగ్ధం అంటే నూనెపట్టి నున్నగా ఉన్నది, ప్రేమగా ఉన్నది, రెండూ. ప్రేమకీ కొవ్వుకీ ఒకే మాట ఎందుకు పెట్టారో నేను వివరించను. వేడి అన్నంలో నెయ్యి కరుగుతుంటే చూడు, చాలు.

ఇప్పుడు నీ వ్యాసం. 'అమ్మమ్మ కన్నీళ్లు ముత్యాల్లా రాలాయి, నా గుండె వెయ్యి ముక్కలైంది, ఆమె ప్రేమ సముద్రమంత' అని రాశావు. మూడు వాక్యాలూ కొవ్వే. కప్పు పొడి ఏదీ? ఆ ముత్యాలూ ఆ ముక్కలూ ఎవరి అమ్మమ్మకైనా సరిపోతాయి. అందరి నాలుకలమీదా అరిగి, నీ దగ్గరికి వచ్చేసరికి వాటిలో రుచి మిగల్లేదు. టీచర్ గీత గీసింది ఆ మాటల కింద. నీ బాధ కింద కాదు.

అసలు పొడి నాకు రాసిన ఉత్తరంలో ఉంది, వ్యాసంలో మాత్రం వదిలేశావు. అమ్మమ్మ పెట్టెను బాత్రూములోని తూకం మీద మూడుసార్లు పెట్టి 23 కిలోలు దాటుతోందని నీకోసం కొన్న ఉన్ని స్వెట్టరు తీసేయకుండా తన చీరలే రెండు తీసి ఇక్కడ వదిలిందన్నావు. సెక్యూరిటీ వరసలోకి వెళ్లాక వెనక్కి తిరిగి, అందరూ వినేలా 'పెరుగు తోడుకుని ఉంటుంది, వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టండి' అని అరిచిందన్నావు. ఇంటికొచ్చి చూస్తే పెరుగు పులిసిపోయిందనీ, అయినా దాన్ని పారబోయడానికి ఎవరికీ చెయ్యి రాలేదనీ రాశావు. ఇది చదివి నేను కాసేపు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. ఇందులో గుండె అన్న మాట ఒక్కసారైనా లేదు.

కాబట్టి ఇలా చెయ్యి. వ్యాసం తీసి, ఏ వాక్యం ఇంకెవరి అమ్మమ్మకైనా సరిపోతుందో దాని కింద గీత గియ్యి. గీసినవాటిలో ఒక్కటే ఉంచి మిగతావి తీసెయ్యి. ఖాళీ అయిన చోట తూకం, చీరలు, పెరుగు జరిగిన వరసలో పెట్టు. ఉంచిన ఆ ఒక్క వాక్యాన్నీ మొదట్లో పెట్టకు. ఉల్లిపాయలాగే, ముక్కలు రంగు తిరిగాక వెయ్యి. అన్నీ తీసేసి ఎండగట్టకు కూడా. నెయ్యి చుక్క లేని పప్పన్నం నీకు వద్దు, చదివేవాళ్లకీ వద్దు.

అయితే ముందు వంటగదిలోకి వెళ్లు. ఈ ఆదివారం అమ్మ వెన్న కాచేటప్పుడు ఫోను పక్కన పడేసి గిన్నె దగ్గర నిలబడు. నురగ ఎన్నిసార్లు లేచిందో, ఎన్నో నిమిషానికి చప్పుడు ఆగిందో, అడుగున పొడి ఏ రంగులో ఉందో రాసుకో. వాసన ఎలా ఉందో 'కమ్మగా' అన్న మాట వాడకుండా మూడు వాక్యాల్లో రాసి నాకు పంపు.

ప్రేమతో,
మీ తాతయ్య