కదురు చూసి కలిపిన చుట్టరికం

గ్రీకులో క్లోస్టర్ అంటే కదురు. సిద్ధబీజం (గడ్డు పరిస్థితులను తట్టుకునే గట్టి రూపం) తయారవుతున్నప్పుడు బాక్టీరియా కణం ఉబ్బి అచ్చం కదురులా కనబడుతుంది కాబట్టి, 1880లో ప్రజ్మోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త ఈ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల సమూహానికి, క్లాస్ట్రీడియం అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఆక్సిజన్ గిట్టని, సిద్ధబీజాలు కట్టే కడ్డీ బాక్టీరియా ఏది దొరికినా దాదాపు ఇందులోనే వేస్తూ పోయారు.

1994లో కాలిన్స్ బృందం బాక్టీరియాలన్నిటిలోనూ ఉండే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువులను పోల్చి చూసింది. సుమారు 1,500 అక్షరాల జన్యువది. క్లాస్ట్రీడియాలు, వాటి దగ్గరివి కలిసి 19 గుంపులుగా చెదిరిపోయాయి. మరి ఇంటిపేరు ఎవరికి దక్కాలి? ప్రజాతికి నమూనాగా నిలిచిన జాతి ఏ గుంపులో ఉంటే ఆ గుంపుకే. ఆ నమూనా క్లాస్ట్రీడియం బ్యుటిరికం, అది మొదటి గుంపులో ఉంది. పేగులను పీడించే క్లాస్ట్రీడియం డిఫిసైల్ పదకొండో గుంపులో తేలింది. 2013లో దానికి పెప్టోక్లాస్ట్రీడియం అనే పేరు ప్రతిపాదించారు. అలాగైతే వైద్యులందరి నోటా నలిగిన ‘సి. డిఫ్’లో పొడి అక్షరమే మారిపోయేది. 2016లో లాసన్ బృందం క్లాస్ట్రీడియాయిడిస్ అని పెట్టి ‘సి’ని నిలబెట్టింది. ఎంతో ఆలోచించి పెట్టిన పేరు అది.

పోలికకు ముందు శుద్ధమైన కల్చర్, అంటే ఒకే బాక్టీరియా పెంపకం, కావాలి. చాలా పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. సేకరించిన పదార్థాన్ని 80 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 నిమిషాలు ఉంచితే మామూలు కణాలు చచ్చి సిద్ధబీజాలు మిగులుతాయి. పెంచే పెట్టెలో సాధారణంగా 85 శాతం నైట్రోజన్, 10 శాతం హైడ్రోజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. చొరబడిన కాస్త ఆక్సిజన్‌ను పల్లాడియం ఉత్ప్రేరకం హైడ్రోజన్‌తో కలిపి నీరుగా మారుస్తుంది. ఆ నీటికే తడిసి అది మందగిస్తుంది కూడా, అందుకే తరచూ వేడిచేసి ఆరబెట్టాలి. బాక్టీరియాను పెంచే మీడియంలో కలిపిన రెసజురిన్ అనే రంగుద్రవ్యం గులాబీ రంగుకు తిరిగిందంటే ఆక్సిజన్ ఉన్నట్టే, దాన్ని వాడకూడదు. ఒంటరిగా కనిపించే కాలనీలో మరో జాతి సిద్ధబీజాలు దాగి ఉండొచ్చు. కాబట్టి ఒక్కో కాలనీని ఏరి కొత్త పళ్లెంలో మళ్లీ మళ్లీ గీసి పెంచాల్సిందే.

16ఎస్ పోలిక 98.7 శాతం కన్నా తక్కువైతే కొత్త జాతి కావచ్చు. అంతకు మించితే మొత్తం జన్యుపటాలను (జీనోములను) పోల్చాలి, అక్కడ గీత 95–96 శాతం. పేరు చెల్లాలంటే జాతికి నమూనాగా నిలిచే స్ట్రెయిన్‌ను (ఒకే కల్చర్ నుంచి వచ్చిన వంశాన్ని) రెండు వేర్వేరు దేశాల కల్చర్ భాండాగారాల్లో భద్రపరచాలి.

ఇన్ని కొలతలున్నా క్లాస్ట్రీడియం బోట్యులినం పేరు మాత్రం అది చేసే ప్రాణాంతక విషాన్ని బట్టే నడుస్తోంది. ఆ పేరు కింద నాలుగు వేర్వేరు గుంపులున్నాయి. వీటిలో మొదటిదానికి మిగతా మూడు బోట్యులినం గుంపుల కన్నా స్పోరోజెనిస్ అనే వేరే జాతే దగ్గరి చుట్టం. కొన్ని బ్యుటిరికం స్ట్రెయిన్లూ అదే విషం చేస్తాయి. అయినా పేరు మార్చకపోవడమే సరైనది. గందరగోళం రేపి ప్రాణాపాయం తెచ్చే పేర్లను తిరస్కరించవచ్చని నామకరణ నియమావళే చెబుతోంది.