మా కాలంలో పిల్లలు ఇలా ఉండేవారా?

అలిపిరి మెట్లపై ఆయాసంతో కూలబడిన కుర్రవాళ్లను చూసి, ‘మా కాలంలో గోవింద నామాలు చెప్పుకుంటూ ఏకబిగిన ఎక్కేవాళ్లం’ అనే పెద్దలకు తిరుపతిలో కొదవ లేదు. అయితే కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోనే వచ్చింది. నేడు డెబ్బై ఏళ్లున్నవారు పుట్టకముందే వచ్చిన ఆ సౌకర్యాన్ని చూపి, వారి తాతలూ వారిని ఇలాగే దెప్పి ఉంటారనుకోవచ్చు.

ఈ అలవాటు మనకే పరిమితం కాదు. తమ చిన్ననాటి రోజులను పొగుడుతూ కుర్రవాళ్లను తప్పుపట్టే ముసలివారిని రోమన్ కవి హొరేస్ రెండువేల ఏళ్ల కిందటే ఎత్తిపొడిచాడు. (యువతను నిందిస్తూ సోక్రటీసు పేరుతో వాట్సాప్‌లో తిరిగే మాటలు మాత్రం ఆయనవి కావు.)

దీనికి కారణమేమిటో అమెరికన్ పెద్దల మీద పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ ప్రొట్జ్కో, జొనాథన్ స్కూలర్ 2019లో తమ ఫలితాలను ప్రచురించారు. అధికారం పట్ల విధేయత మెండుగా ఉన్నవారికి నేటి పిల్లల్లో పెద్దలంటే గౌరవం తగ్గినట్టు, బాగా చదివేవారికి పిల్లల్లో చదివే ఆసక్తి తగ్గినట్టు, తెలివైనవారికి పిల్లల తెలివి తగ్గినట్టు మరింత గట్టిగా తోచింది. ఎవరికి ఏ గుణం మెండుగా ఉందో, వారికి పిల్లల్లో ఆ లోపమే కొట్టొచ్చినట్టు కనబడిందన్నమాట. ఇరవయ్యో శతాబ్దమంతా చాలా దేశాల్లో తెలివితేటల పరీక్షల మార్కులు పదేళ్లకు సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరిగిన సంగతి తెలిస్తే, ఆ తెలివైనవారి దిగులు కాస్త వింతగానే అనిపిస్తుంది.

అంతకన్నా ఆసక్తికరమైనది ఆ శాస్త్రవేత్తల చివరి ప్రయోగం. పుస్తకాలతో ఎంత పరిచయం ఉందో కొలిచే పరీక్ష పెట్టి, మార్కులతో నిమిత్తం లేకుండా కొందరికి ‘మీరు బాగా వెనకబడ్డారు’ అని, మరికొందరికి ‘మీరు చాలా ముందున్నారు’ అని చెప్పారు. వెనకబడ్డారని విన్నవారు నేటి పిల్లల చదువును అంత కఠినంగా నిందించలేదు. తమ బాల్యంలోని పిల్లలూ అంతగా చదివేవారు కారని గుర్తుచేసుకున్నారు. దీన్నిబట్టి, గతాన్ని తలచుకునేటప్పుడు మనసు నేటి తన స్వభావాన్నే ఆనాటి పిల్లలందరికీ అంటగడుతుందని ఆ పరిశోధకులు భావించారు.

అలాగని పెద్దల ఫిర్యాదులన్నీ అబద్ధాలని కాదు. ఏది నిజమో కొలిచి చూడాలి. పిల్లలు పుస్తకం ముట్టడం లేదని వాపోయే చిత్తూరు విశ్రాంత ఉపాధ్యాయుడినే తీసుకుందాం. 1961 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత నూటికి 21 మాత్రమే. ఆయన జ్ఞాపకంలో ఉన్నది బడి దాకా రాగలిగిన కొద్దిమందే. అదే వయసులో మేకలు కాసుకుంటూ పలక ఎరగని పిల్లలు ఆయన తీసే లెక్కలోకే రారు.